పెళ్ళిచీర కట్టిన దయ్యం

సలోమి టీచర్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. సీతాఫల్‌మండిలో రెండు తరాల పిల్లలకు ఒకటో తరగతి చెప్పిన మనిషి కాబట్టి, ఎవరైనా రాస్తే మంచి పంతులమ్మ అని రాసి చేతులు దులుపుకుంటారు. మంచి పంతులమ్మే, కాదనను. కానీ ఆవిడ అంతకంటే మంచి దయ్యం. ఆ మాట రాసే ధైర్యం ఇంకెవరికీ లేదు గనక నేనే రాయాలి.

నా పేరు సదాశివ. ఆవిడ ఇల్లున్న సందులోనే నాకు వీడియో లైబ్రరీ ఉండేది. క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల్లో జనం సంసారాల సినిమాలను చేత్తో ఊపుకుంటూ పట్టుకుపోయేవాళ్ళు. దయ్యాల సినిమాలను మాత్రం పాత పేపర్లో చుట్టి ఇమ్మనేవాళ్ళు. ఇంటికి పోయి తలుపులేసుకుని చూసేదీ వాళ్ళే, తెల్లారి తిరిగిస్తూ ‘ఛీ, చెత్త’ అనేదీ వాళ్ళే. నాకు ఒళ్ళు మండేది. ఎవరికీ గుర్తులేని భయం సినిమాలంటే నాకు ప్రాణం. అట్టముక్కల గబ్బిలాలు, పొగ కోసం వేసిన సాంబ్రాణి, కిర్రుమనడానికి నూనె వేయకుండా వదిలేసిన తలుపులు, అన్నీ ఇష్టమే. సినిమా చూసి ఏడిస్తే గొప్ప కళ అంటారు, చెమటలు పడితే చెత్త అంటారు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సలోమక్క వాళ్ళ నాన్న రైల్వేలో గార్డు. తెనాలి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి సికింద్రాబాదులోనే స్థిరపడ్డాడు. ఆయన కూతురికి దేవుడు ఇచ్చిన ఆస్తి గొంతు. పాటలు పాడే గొంతు కాదు, అందులో ఆవిడ నాకంటే అన్యాయం. క్లాసులో కథ చెబుతూ ‘అప్పుడు ఆ తలుపు...’ అని ఆగిందంటే, పక్క క్లాసు పిల్లలు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. అందుకే వాళ్ళ చర్చిలో ప్రతి క్రిస్మస్ నాటకానికీ పసిపిల్లల్ని చంపించే క్రూరుడైన రాజు వేషం ఆవిడకే ఇచ్చేవారు. మీసం అంటించుకుని, అట్టకిరీటం పెట్టుకుని ఆవిడ ఒక్క కేక వేస్తే ముందు వరస పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. సంఘ పెద్దలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఈ చప్పట్ల సంగతి గుర్తుంచుకోండి.

ఆ నాటకానికి స్టేజీ కట్టే వడ్రంగి పేరు బ్రహ్మచారి. సినిమా తీయాలని ఆయనకో పిచ్చి. 1978లో ఉన్నదంతా ఊడ్చి ఒకటి తీశాడు. పేరు ‘వెన్నెల మేడలో వెక్కిళ్ళు’. బోయిన్‌పల్లి దగ్గర ఎవరూ ఉండని పాత బంగళా దొరికింది. సెట్టు పని ఎటూ తన చేతిలోదే. హీరో దొరికాడు, హీరోయిన్ దొరికింది. దయ్యం మాత్రం దొరకలేదు. అడిగిన వాళ్ళందరూ మొహం మీద జుట్టు వేసుకోవాలంటే మాకెందుకని తప్పుకున్నారు. అప్పుడు ఆయనకు అట్టకిరీటం గుర్తొచ్చింది. తిన్నగా టీచర్ ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

“అమ్మా, మీరు జెర దయ్యమైతరా?”

ఆవిడ భర్త యేసురాజు గారు పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆయన పేపరు పక్కన పెట్టి, “ఇంట్లో రోజూ అవుతూనే ఉందయ్యా. నలుగురూ చూస్తానంటే నాకేం అభ్యంతరం?” అన్నాడట. అలా కుదిరింది.

సినిమా కోసం కొన్న తెల్లచీర మొదటి రోజే బావి గట్టుకు పట్టుకుని చిరిగిపోయింది. బ్రహ్మచారి తల పట్టుక్కూర్చుంటే, “దానికేముంది, నా దగ్గర ఉందిగా” అని మర్నాడు సలోమక్క తన పెళ్ళిచీర తెచ్చింది. సన్నటి వెండిజరీ అంచున్న తెల్ల పట్టుచీర. వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికూతురు కట్టేది తెల్లచీరే. మా ఇళ్ళలో అయితే తెల్లచీర కట్టమంటే కొట్లాటే. బ్రహ్మచారి మా వైపు మనిషి కాబట్టి తెల్లచీర కనపడగానే ఆయనకు దయ్యం కనపడింది. ఆవిడకు అది మామూలుగా పెట్టెలో ఉన్న మంచి చీర, గట్టిది, తొందరగా చిరగదు. అందులో తప్పు పట్టడానికేముందో ఇద్దరికీ తట్టలేదు. పెట్టెలో ఉంచితే ఎటూ చిమ్మటలు తింటాయని యేసురాజు గారే సంచిలో పెట్టి ఇచ్చాడు.

సినిమా విడుదలకు గోడల మీద పోస్టర్లు పడ్డాయి. జుట్టు విరబోసుకుని, మెట్ల మీద నిలబడి సలోమక్క. ఆ పోస్టరు ఒకటి వాళ్ళ చర్చి ఎదుటి గోడ మీదే అంటించారు. సంఘంలో పెద్ద మనిషి నోవహు గారు. ఆయన ఆ ఆదివారం మొహం గుర్తుపట్టలేదు, చీర గుర్తుపట్టాడు. ఆ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది ఆయనే. సినిమా చూడటమే పాపమనుకునే సంఘం అది. అలాంటిది సినిమాలో వేషం, అందులో దయ్యం, పైగా దేవుని ముందు ప్రమాణం చేసినప్పుడు కట్టిన చీర! కమిటీ కూర్చుని ఆవిడను పిలిపించింది.

“సంఘం ముందు నిలబడి తప్పయిందని చెప్పమ్మా. అంతటితో పోతుంది” అన్నాడు నోవహు గారు.

“క్రిస్మస్‌కి నేను పసిపిల్లల్ని చంపిస్తే చప్పట్లు కొట్టారు కదండీ. దయ్యంగా ఒక్కరి ప్రాణమూ తీయలేదు. దేనికి తప్పయిందనాలి?” అని అడిగింది సలోమక్క.

జవాబు లేని ప్రశ్న అడిగితే పెద్దలకు కోపం రావడం ఏ మతంలోనైనా ఒకటే. తప్పు ఒప్పుకునేదాకా ఆవిడకు ప్రభువు బల్ల లేదన్నారు.

ఆ బల్ల సంగతి నాలాంటి వాళ్ళకు కొంచెం చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో రొట్టెముక్కలున్న పళ్ళెం వరసల వెంట చేతులు మారుతూ వెళుతుంది. ఒక్కొక్కరూ ఒక ముక్క తీసుకుని పక్కవాళ్ళకు అందిస్తారు. అందరికీ అందాక అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ఒక మాట చెబుతారు. అప్పుడు అందరూ కలిసి తింటారు. అంతే. కానీ అది లేనివాడు ఆ ఇంటి మనిషి కానట్టే. సలోమక్క ప్రతి నెలా అదే బెంచీలో కూర్చుంది. ప్రతి నెలా పళ్ళెం చేతికొచ్చింది. ముక్క తీసుకోకుండా పక్కావిడకు అందించింది. అలా ఇరవయ్యేడేళ్ళు.

“ఒక్క ముక్క తీసుకుంటే ఎవడు చూస్తడక్కా? జర్ర గుప్పిట్ల పెట్టుకుంటే అయిపాయె” అన్నాను ఒకసారి.

“ఎవరూ చూడకుండా తినడానికి నేనేం దొంగతనం చేశానయ్యా?” అంది.

“పోనీ ఇంకో చర్చికి పో. సికింద్రాబాద్‌ల చర్చిలకు కొదువనా?”

“మా అమ్మానాన్నల పెళ్ళి ఇందులోనే అయింది, నాదీ ఇందులోనే అయింది. నా ఇంట్లోంచి నన్ను నేనే వెళ్ళగొట్టుకోనా?”

యేసురాజు గారు మగవాళ్ళ వైపు కూర్చునేవాడు. ఆయన్ను ఎవరూ ఆపలేదు. అయినా ఆయన కూడా పళ్ళెం దాటించేసేవాడు. “ఆవిడ తీసుకున్న రోజే నేనూనూ” అనేవాడు నవ్వుతూ. ఆ రోజు చూడకుండానే గుండె ఆగి పోయాడు. సలోమక్క ఆ సంగతి ఎత్తినప్పుడల్లా మాట సగంలో వదిలేసి వాకిట్లోకి పోయేది. ఆవిడకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఆ చర్చిలో, ఆ బెంచీలో, తప్పయిందనకుండా తలెత్తుకుని ఆ ముక్క తినాలి. దానికోసం ఆవిడ ఎంతకాలమైనా కూర్చోగలదు. యేసురాజు గారు కూర్చోలేకపోయాడు. అందుకే ఆవిడకు కోపం ఇంకా పెరిగింది.

ఇంత శిక్ష అనుభవించిన మనిషి ఆ సినిమా చూడనేలేదు. సినిమా ఆడింది ఒక్క వారం. ఆ వారమంతా పంచాయితీతోనే సరిపోయింది. తరవాత రీళ్ళ డబ్బాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. బ్రహ్మచారి మళ్ళీ బెంచీలు చెక్కుకుంటూ బతికి, కొన్నేళ్ళకు పోయాడు.

2005 నాటికి నా లైబ్రరీ కూడా పోయింది. సైనిక్‌పురిలో ఎయిర్‌ఫోర్స్ నుంచి రిటైరైన ఒకాయన ఇంటి గ్యారేజీలో తెర కట్టి, శనివారం సాయంత్రాలు పాత దయ్యాల సినిమాలు వేయడం షురూ చేశాడు. వచ్చేది కుర్రకారు, కాలేజీ లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు. మేం చెత్త అనిపించుకుంటూ ప్రేమించిన వాటికి వాళ్ళు కల్ట్ అని పేరు పెట్టారు. పేరు ఏదైతేనేం, పేపర్లో చుట్టకుండా చూస్తున్నారు కదా అని నాకు సంతోషమే. వాళ్ళ కోసం వెతుకుతూ బ్రహ్మచారి భార్య శారదమ్మ దగ్గరికి పోతే, ఆవిడ అటక మీది నుంచి ఒక వీడియో క్యాసెట్ తీసి చేతిలో పెట్టింది. ఎప్పుడో ఎవరో ఎక్కించి ఇచ్చిన కాపీ అట. బూజు తుడిచి ఆడించి చూస్తే ‘వెన్నెల మేడలో వెక్కిళ్ళు’!

పరుగున సలోమక్క ఇంటికి పోయాను. “అక్కా, నీ దయ్యం దొరికింది. సైనిక్‌పురిల ఏస్తున్నరు, నడువు” అన్నాను. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. తరవాత చెప్పులేసుకుంది.

గ్యారేజీలో ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుంది. సినిమా మొదలైంది. గబ్బిలానికి కట్టిన దారం కనపడగానే అందరూ గొల్లున నవ్వారు. హీరో విగ్గు గాలికి లేచినప్పుడు ఇంకా నవ్వారు. నాకు చిరాకేసింది గానీ, అందరికంటే గట్టిగా నవ్వుతున్నది సలోమక్కే. ఇక నేనేం చేయను?

అప్పుడు మెట్ల సీను వచ్చింది.

పైమెట్టు మీద తెల్లచీర. ఆవిడకు తొందరేం లేదు. ఒక మెట్టు దిగుతుంది, ఆగుతుంది. కొంగు వెనక మెట్ల మీద ఈడ్చుకొస్తుంటుంది. పెదాలు ఏదో గొణుగుతుంటాయి. మధ్యలో తలెత్తి మన వైపు చూస్తుంది. మనం కూడా తనను చూశామని నమ్మకం కుదిరేదాకా అలాగే చూస్తుంది. గ్యారేజీలో నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ముందు వరసలో ఒక మీసాల మనిషి కుర్చీ వెనక్కి జరుపుకున్న చప్పుడు ఒక్కటే వినపడింది. సలోమక్క నా మణికట్టు పట్టుకుంది.

“సదాశివా, అది నేనేనా?”

“నువ్వేనక్కా.”

“ఎంత బాగా చేశాను!” అంది, అందరికీ వినపడేలా.

ఆ మొహం నేను మరిచిపోలేను. ఇన్నాళ్ళూ దేనికోసం నిలబడిందో ఆవిడ ఆ రోజే కళ్ళారా చూసుకుంది. అది నిలబడదగినదే.

దీపాలు వేశాక వెనక వరస నుంచి ఒకమ్మాయి గబగబా వచ్చింది. డోరా. డిగ్రీ కాలేజీలో లెక్చరరు, నోవహు గారి చిన్న కూతురు, సలోమక్క దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్ల. “టీచర్, మళ్ళీ ఒకసారి వేయించండి. మెట్ల మీద మీరు గొణిగేది మనం సండే స్కూల్లో కంఠతా పట్టిన కీర్తన కదా!” అంది.

వెనక్కి తిప్పి వేశారు. కీర్తనే. దేవుడు నాకు తోడున్నాడు, భయం లేదు అనే అర్థం వచ్చే కీర్తన. కాకపోతే ఆ గొంతులో వింటే దేవుడికి కూడా దడ పుడుతుంది. సలోమక్క నవ్వింది. “మంత్రంలా ఏదో గొణగమన్నాడమ్మా బ్రహ్మచారి. నాకు మంత్రాలేం వచ్చు? నోటికొచ్చింది అదొక్కటే. డబ్బింగులో కూడా బొమ్మ చూపించకుండానే, పెదాలకు సరిపోవాలని అదే చెప్పించాడు. ఆయనకది మంత్రంలాగే వినపడింది పాపం” అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. డోరా ఇంటికి పోయి మంచి మనసుతోనే వాళ్ళ నాన్నకు చెప్పింది. వారం తిరక్కుండా చర్చి అయ్యగారు జకర్యా గారూ, చేతికర్రతో నోవహు గారూ సలోమక్క ఇంటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. జకర్యా గారు కొత్తగా వచ్చినవాడు, ఆవిడకంటే చిన్నవాడు, నెమ్మది మనిషి.

“టీచర్ గారూ, దేవుడు ఎంత గొప్పవాడో చూడండి. సినిమావాళ్ళ మధ్య కూడా మీరు దేవుని వాక్యమే పలికారు. అది మాకెవరికీ తెలియలేదు. మొదటి ఆదివారం మీరు లేచి ఆ ఒక్క మాట చెబితే చాలు. క్షమాపణ అక్కర్లేదు. బల్ల మీకు ఇస్తాం” అన్నాడు అయ్యగారు.

“నాడు నీ ఉద్దేశం మాకు చెప్పుంటే ఇంత దూరం వచ్చేదే కాదమ్మా” అన్నాడు నోవహు గారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటే ఇదే. పోస్టరు చూసి సినిమాకు శిక్ష వేసిన మనిషి, ఇప్పుడు సినిమా చూడకుండానే మెచ్చుకుంటున్నాడు.

అయినా నాలో ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు. ఒక్క మాట. చెబితే అయిపోతుంది. ఆవిడ వంటింట్లోకి పోయి కాఫీలు తెచ్చి అందరికీ ఇచ్చి, అప్పుడు కూర్చుంది.

“అయ్యగారూ, చిన్నప్పుడు మా నాన్న కీర్తన బదులు ఎక్కాలు కంఠతా పట్టించి ఉంటే, ఆ మెట్ల మీద ఎక్కాలే చెప్పేదాన్ని. జనాన్ని భయపెట్టడానికి దిగాను నేను. వాక్యం చెప్పడానికి దిగలేదు. ఇప్పుడు అలా చెప్పి రొట్టె తీసుకుంటే అది వేషం. సినిమాలో వేషం వేశాను గానీ చర్చిలో వేయను.”

“ఆ పొగరు ఇంకా తగ్గలేదు” అన్నాడు నోవహు గారు.

“తగ్గిస్తే మీరు గుర్తుపట్టరని ఉంచానండీ” అంది. తరవాత గొంతు మారింది. “మా ఆయన మీ పళ్ళెం దాటిస్తూ దాటిస్తూ పోయాడు. ఆయన ఏ సినిమాలో వేశాడు? నేనింక దాటించను. మొదటి ఆదివారం వస్తాను. పళ్ళెం నా చేతికొస్తుంది, తీసుకుంటాను. ఆపాలనుకుంటే అందరి ముందూ ఆపండి.”

జకర్యా గారు తలొంచుకుని కాఫీ తాగాడు.

మొదటి ఆదివారం నేను జీవితంలో మొదటిసారి చర్చికి పోయాను. వెనక బెంచీలో కూర్చున్నాను. సలోమక్క వచ్చింది. వొంటి మీద ఆ చీరే. మడతల దగ్గర పట్టు విరిగిపోయి ఉంది, అంచుకు బోయిన్‌పల్లి బావి మట్టి మరక ఇంకా పోలేదు. ఆడవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఆవిడ తన బెంచీలో తన చోట కూర్చుంది.

పళ్ళెం బయల్దేరింది. వరసలు దాటుతూ ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ లేచి నిలబడింది.

“నేను దయ్యం వేషం వేశాను. బాగా వేశాను. అది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు” అని, ఒక ముక్క తీసుకుని అందరికీ కనపడేలా పట్టుకుంది. పళ్ళెం పక్కనున్న మార్తమ్మ ముందు చాపింది. మార్తమ్మ చేతులు కదల్లేదు.

“అయ్యగారూ!” అని మగవాళ్ళ వైపు నోవహు గారు లేచాడు.

జకర్యా గారు పుస్తకంలోంచి తలెత్తి ఆయన్ను చూశాడు, ఆవిడను చూశాడు. చెమట తుడుచుకున్నాడు. “పళ్ళెం ముందుకు పోనివ్వమ్మా” అన్నాడు మార్తమ్మతో. ఆవిడ అందుకుని, తనూ తీసుకుని, పక్కకిచ్చింది.

అది తిరిగి తిరిగి చివరికి నా చేతికొచ్చింది. నేను వాళ్ళవాణ్ణి కాదు, తీసుకోకూడదు. పక్కాయనకు అందించాను. చిన్న స్టీలు పళ్ళెం, బరువేం లేదు. ఆ ఒక్కసారికే నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సలోమక్క దాన్ని అన్నేళ్ళు ఎలా అందించిందో అప్పుడర్థమై కళ్ళు మండాయి.

అందరికీ అందాక చర్చి అంతా అయ్యగారి మాట కోసం ఆగింది. సలోమక్క ఇంకా నిలబడే ఉంది, ముక్క చేతిలోనే ఉంది. ఆయన ఆ మాట అనకపోతే ఎవరూ తినడానికి లేదు. జకర్యా గారు గొంతు సవరించుకుని, ప్రతి నెలా చెప్పే మాట చెప్పాడు. అందరూ తిన్నారు. ఆవిడా తిన్నది. కూర్చున్నాక, మగవాళ్ళ వైపు యేసురాజు గారు కూర్చునే చోటు వంక చాలాసేపు చూసింది.

బయటికొచ్చేసరికి సండే స్కూలు పిల్లలు మెట్ల కింద మూగి ఉన్నారు. డోరా వాళ్ళకు అంతా చెప్పేసినట్టుంది. “టీచర్, టీచర్, ఒక్కసారి దయ్యం!” అని ఒకటే గోల. నోవహు గారు కూడా చేతికర్ర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, ఆఖరిగా ఏదో అనడానికి.

సలోమక్క చర్చి పైమెట్టు మీద ఆగింది. ముడి విప్పి జుట్టు వదిలేసింది. ఒక మెట్టు దిగింది, ఆగింది. కొంగు వెనక ఈడ్చుకొస్తోంది. పెదాలు కదిలాయి. ఇంకో మెట్టు దిగి, తలెత్తి, పిల్లల మీదుగా సూటిగా నోవహు గారి కళ్ళలోకి చూసింది. చూస్తూనే ఉంది.

పిల్లలు కెవ్వుమని నవ్వుకుంటూ పారిపోయారు. నోవహు గారు నవ్వలేదు. చేతికర్ర కింద పడేసుకుని, గేటు దాకా వెనక్కి నడిచాడు.